ఒకే బ్యాటరీ ఒకచోట పదిరోజులు, ఇంకోచోట ఐదేళ్లు: చిన్న కంట్రోల్ బోర్డుల కరెంటు లెక్క

మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్, అపార్ట్‌మెంట్ పైట్యాంకులో నీటిమట్టం చెప్పే పెట్టె, పొలం మోటారుకు బిగించే మొబైల్ స్టార్టర్, డ్రిప్ పైపు పక్కన మట్టిలో గుచ్చే తేమ సెన్సర్. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇవేవీ ఇప్పుడు వింత వస్తువులు కావు. అన్నింటి లోపలా వేలిగోరంత మైక్రోకంట్రోలర్ ఒకటి కూర్చుని ఉంటుంది.

కొనేవాళ్లకూ, తయారు చేసే కుర్రాళ్లకూ తికమక వస్తున్నది బ్యాటరీ దగ్గర. ఒక పెట్టె మీద 'రెండు పెన్సిల్ సెల్స్‌తో ఐదేళ్లు' అని ఉంటుంది. అదే పని చేసే విద్యార్థి ప్రాజెక్టు బోర్డు అవే సెల్స్‌తో రెండు వారాలు కూడా నిలవదు. రెండింటి డేటాషీట్లూ (కంపెనీ ఇచ్చే వివరాల పత్రాలు) తిరగేస్తే 'లో పవర్' అనే మాట రెండింట్లోనూ కనిపిస్తుంది. మరి తేడా ఎక్కడుంది?

క్లుప్తంగా: బ్యాటరీ ఆయుష్షును చిప్ పేరు తేల్చదు, సగటు కరెంటు తేలుస్తుంది. చిప్ ఎంతసేపు నిద్రలో ఉంటుంది, దాని చుట్టూ ఉన్న రెగ్యులేటర్, సెన్సర్, దీపాలు ఎంత తాగుతాయి, కబురు పంపే రేడియో ఏ రకం అన్నవాటి మీదే సగటు ఆధారపడుతుంది. మన ఎండ, తేమ ఆ లెక్కను ఇంకాస్త మారుస్తాయి. కరెంటు లైను ఉన్నచోట ఈ లెక్క చాలావరకు అక్కర్లేదు, అక్కడి సమస్యలు వేరు.

## చిప్ లోపల కరెంటు ఎటు పోతుంది

ప్రాసెసర్, మెమరీ, టైమర్లు, వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ, బయటి తీగలు కలిపే పిన్నులు, ఇవన్నీ ఒకే ముక్కలో ఇమిడిస్తే అది మైక్రోకంట్రోలర్. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1974లో టీఎంఎస్1000ను అమ్మకానికి పెట్టినప్పటి నుంచి ఈ నమూనా పెద్దగా మారలేదు. కరెంటు వాడకం మాత్రం బాగా మారింది.

ఖర్చు రెండు రకాలు. లోపలి లక్షల స్విచ్చులు ఆన్, ఆఫ్ అవుతున్నప్పుడు అయ్యేది మొదటిది. స్విచ్చు మారిన ప్రతిసారీ ఒక చిన్న కెపాసిటర్ నిండి ఖాళీ అయినట్టు లెక్క. ఈ ఖర్చు క్లాక్ (చిప్ పనిని అడుగులు అడుగులుగా నడిపే సంకేతం) వేగంతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. అందుకే 3.3 వోల్టుల నుంచి 1.8 వోల్టులకు దిగితే అదే వేగంలో ఈ పవర్ మూడో వంతు కన్నా కిందికి పడిపోతుంది. రెండోది లీకేజీ. ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నా ఎంతో కొంత కారుతూనే ఉంటుంది. కొలిస్తే చాలా తక్కువే. కానీ ఇరవై నాలుగు గంటలూ, సంవత్సరాల తరబడి నడిచేది ఇదే.

లో పవర్ చిప్‌లలో చేసే పని ఈ రెండింటినీ విడివిడిగా కట్టడి చేయడం. అవసరం లేని భాగానికి క్లాక్ ఆపేస్తారు. కొన్నింటికి సరఫరానే కత్తిరిస్తారు. మెమరీలోని విషయం పోకుండా, సమయం లెక్క తప్పకుండా ఉండటానికి కావాల్సినంత భాగాన్నే బతికిస్తారు. ఎంఎస్‌పీ430 అనే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌ల కుటుంబంలో బాగా వాడుకలో ఉన్న జీ2553 చిప్‌నే చూస్తే, 2.2 వోల్టుల దగ్గర ఒక మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేస్తున్నప్పుడు సుమారు 230 మైక్రో ఆంపియర్లు వాడుతుంది. టైమర్ మాత్రం నడుస్తూ మిగతాదంతా నిద్రలో ఉంటే అర మైక్రో ఆంపియర్ చాలు. వెయ్యి మైక్రోలు ఒక మిల్లీ ఆంపియర్ అని గుర్తుంచుకుంటే ఈ అంకె ఎంత చిన్నదో తెలుస్తుంది. మెలకువకూ నిద్రకూ మధ్య తేడా నాలుగు వందల రెట్లకు పైనే. మొత్తం లెక్క ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

నిద్రలో సమయం చూసే పని చేతి గడియారాల్లో ఉండే క్రిస్టల్‌దే. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది కాబట్టి సెకన్లు లెక్కపెట్టడానికి పెద్ద సర్క్యూట్ అక్కర్లేదు. అనుకున్న సమయం కాగానే టైమర్ ఒక ఇంటరప్ట్ (లేపే సంకేతం) ఇస్తుంది, ప్రాసెసర్ లేస్తుంది, పని ముగించి మళ్లీ పడుకుంటుంది.

కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు. పది నిమిషాలు ఆగాలంటే 'డిలే' అని ఒక లైను రాసేస్తారు. బయటికి నిద్ర, డిలే రెండూ ఒకేలా కనిపిస్తాయి, బోర్డు పది నిమిషాలు ఊరుకుంటుంది. కానీ డిలేలో ప్రాసెసర్ ఊరికే లేదు, పూర్తి వేగంతో అంకెలు లెక్కపెడుతూనే ఉంది. చిలకలూరిపేట రాగానే లేపమని కండక్టర్‌కు చెప్పి నిద్రపోయిన ప్రయాణికుడికీ, ప్రతి స్టాపులోనూ కిటికీలోంచి తొంగి చూస్తూ కూర్చున్నవాడికీ ఉన్న తేడా ఇది. ఇద్దరూ ఒకే చోట దిగుతారు, రెండోవాడు అలిసిపోయి దిగుతాడు.

## గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఒక లాగర్

ఒక ఉదాహరణ తీసుకుని అంకెలు వేసి చూస్తేనే విషయం పూర్తిగా తేలుతుంది. సీజన్‌లో ధర రాని మిర్చి టిక్కీలు (బస్తాలు) గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లోకి వెళ్తాయి, నెలల తరబడి అక్కడే ఉంటాయి. గది చల్లదనం ఎప్పుడు ఎంత తగ్గిందో తర్వాత చూసుకోవడానికి టిక్కీల వరుసల మధ్య ఒక చిన్న లాగర్ పెట్టాలనుకుందాం. పది నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత చూసి రాసుకుంటే చాలు. రోజుకు 144 రీడింగులు. ఒక్కోదానికి రెండు బైట్లు అనుకుంటే 288 బైట్లు. 64 కిలోబైట్ల ఈఈప్రామ్ (కరెంటు పోయినా రాసింది నిలిచే మెమరీ) చిప్ ఒకటి పక్కన పెడితే ఏడున్నర నెలల చరిత్ర అందులో పడుతుంది.

ఉష్ణోగ్రత కొలవడానికి థర్మిస్టర్ (వేడిని బట్టి నిరోధం మారే రెసిస్టర్) వాడితే దానికి ఒక పిన్ను నుంచే సరఫరా ఇవ్వచ్చు. చిప్ లేచినప్పుడు ఆ పిన్ను ఆన్, పడుకునేటప్పుడు ఆఫ్. మొత్తం పని పది మిల్లీసెకన్లు పట్టిందనీ, ఆ సేపు ఒక మిల్లీ ఆంపియర్ ఖర్చయిందనీ అనుకుందాం. ఆ ఖర్చును పది నిమిషాల మీద పరిస్తే సగటున 0.02 మైక్రో ఆంపియర్ కూడా రాదు. అంటే ఈ లాగర్‌కు మెలకువ దాదాపు ఉచితం. ఖర్చంతా నిద్రదే. ఈఈప్రామ్ స్టాండ్‌బై, రాత ఖర్చు కూడా కలిపి రెండు మైక్రో ఆంపియర్లు అనుకున్నా ఏడాదికి పదిహేడున్నర మిల్లీ ఆంపియర్-అవర్లు (కరెంటును గంటలతో గుణించిన కొలత). రూపాయి బిళ్లంత సీఆర్2032 సెల్‌లో సుమారు 220 ఉంటాయి. కాగితం మీద పన్నెండేళ్లు. అంతకు ముందే సెల్ తనంతట తాను పాతబడిపోతుంది.

ఇదే లాగర్‌లో విద్యార్థులకు ఇష్టమైన డీఎస్18బీ20 సెన్సర్ పెడితే లెక్క కొంచెం మారుతుంది. ఊరికే ఉన్నప్పుడు అది 0.75 మైక్రో ఆంపియర్ తీసుకుంటుంది. పూర్తి సూక్ష్మతతో ఒక కొలతకు 750 మిల్లీసెకన్లు పడుతుంది, అప్పుడు సుమారు ఒక మిల్లీ ఆంపియర్. సగటున ఇది 1.25 మైక్రో. ఆ ముప్పావు సెకను ప్రాసెసర్ నిద్రపోతే అంతటితో సరి. నిద్రపోకుండా 8 మెగాహెర్ట్జ్ వేగంతో 'అయిందా, అయిందా' అని అడుగుతూ కూర్చుంటే మరో మూడు మైక్రోలు కలుస్తాయి. ప్రోగ్రాంలో ఒక్క లైను అలా రాసినందుకు బ్యాటరీ ఆయుష్షులో మూడో వంతుకు పైగా పోతుంది. పైగా ఈ సెన్సర్‌కు కనీసం 3 వోల్టులు కావాలి. సీఆర్2032 మొదలయ్యేదే 3 వోల్టుల దగ్గర. చిప్ ఇంకా హాయిగా నడుస్తున్నా సెన్సర్ హద్దు దాటిపోయి తప్పుడు అంకెలు ఇచ్చే ప్రమాదం ఉంది. సెన్సర్ ఎంపికలో కరెంటు కన్నా ముందు చూడాల్సింది ఇదే.

ఇప్పుడు అదే పని వైఫైతో. ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్ గాఢ నిద్రలో 20 మైక్రో ఆంపియర్ల దగ్గర ఉంటుంది, ఫర్వాలేదు. కానీ లేచి, రూటర్‌ను వెతికి, కలిసి, ఒక అంకె పంపి పడుకునేసరికి ఐదు సెకన్లు పట్టిందనుకుందాం. ఆ సేపు సగటున 80 మిల్లీ ఆంపియర్లు. మిల్లీ ఆంపియర్లను సెకన్లతో గుణిస్తే 400. పది నిమిషాల మీద పరిస్తే 0.67 మిల్లీ ఆంపియర్, నిద్ర ఖర్చుతో కలిపి 0.69. రెండు వేల మిల్లీ ఆంపియర్-అవర్ల పెన్సిల్ సెల్స్‌తో నాలుగు నెలలు. గంటకొకసారి మాత్రమే పంపితే అదే సెల్స్‌తో ఇరవై నెలలు దాటుతుంది. చిప్ మారలేదు, సెల్ మారలేదు, పంపే వ్యవధి ఒక్కటే మారింది.

## నింద చిప్‌కు, తప్పు బోర్డుకు

అయినా చాలా ప్రాజెక్టులు నాలుగు నెలలు కాదు కదా, పదిహేను రోజులు కూడా నడవవు. కారణం షాపులో దొరికే డెవలప్‌మెంట్ బోర్డు. దాని మీద చిప్ ఒక్కటే ఉండదు. కంప్యూటర్‌కు కలపడానికి యూఎస్‌బీ చిప్, వోల్టేజీ తగ్గించడానికి రెగ్యులేటర్, ఎప్పుడూ వెలిగే ఎర్ర దీపం ఉంటాయి. ఈ బోర్డుల మీద ఎక్కువగా కనిపించే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఏ పనీ చేయకపోయినా దాదాపు ఐదు మిల్లీ ఆంపియర్లు తనకోసమే తీసుకుంటుంది. దీపానికి ఒకటి, రెండు. పైన లెక్క వేసిన 0.69కి ఇంకో ఏడు మిల్లీలు కలిపితే నాలుగు నెలలు పది, పదకొండు రోజులు అవుతాయి. ఆర్డుయినో ఊనో అయితే ఇంకా దారుణం. దాని మీదున్న ఏటీమెగా328పీ చిప్ ఒక్కదాన్నే తీసుకుంటే పవర్ డౌన్ నిద్రలో 0.1 మైక్రో ఆంపియర్‌తో సరిపెట్టుకోగలదు. బోర్డుగా చూస్తే 45 మిల్లీ ఆంపియర్లకు అటూ ఇటూ. రెండు రోజులు రాకముందే సెల్స్ అయిపోతాయి. ఊనో నేర్చుకోవడానికి చేసిన బోర్డు, బ్యాటరీ మీద పొలంలో వదిలేయడానికి చేసింది కాదు. ఈ మాట కొన్నవాళ్లకు షాపులో ఎవరూ చెప్పరు.

రెగ్యులేటర్ అవసరమే అయితే ఎంసీపీ1700 లాంటివి ఉన్నాయి, తమకోసం తీసుకునేది 1.6 మైక్రో ఆంపియర్లు మాత్రమే. చాలాసార్లు అసలు రెగ్యులేటరే అక్కర్లేదు. 1.8 నుంచి 3.6 వోల్టుల దాకా నడిచే చిప్‌ను రెండు పెన్సిల్ సెల్స్‌కు నేరుగా కలపవచ్చు.

కనపడని కన్నాలు ఇంకా ఉంటాయి. బ్యాటరీ వోల్టేజీ చూడటానికి లక్ష ఓమ్‌ల రెసిస్టర్లు రెండు వరుసగా పెడితే 3 వోల్టుల దగ్గర 15 మైక్రో ఆంపియర్లు రాత్రింబవళ్లు కారుతాయి. ఇది నిద్రపోయే చిప్ తాగేదానికి ముప్పై రెట్లు. ఫ్లోట్ స్విచ్చుకు పది కిలో ఓమ్‌ల పుల్-అప్ (పిన్నును సరఫరా వోల్టేజీకి లాగి ఉంచే రెసిస్టర్) పెట్టారనుకుందాం. ట్యాంకు నిండి స్విచ్చు మూసుకుని ఉన్నంతసేపూ 300 మైక్రోలు. ట్యాంకు ఎక్కువకాలం నిండుగానే ఉంటుంది కదా! దేనికీ కలపకుండా వదిలేసిన ఇన్‌పుట్ పిన్ను కూడా ప్రమాదమే. దాని వోల్టేజీ ఎటూ కాకుండా మధ్యలో ఊగుతుంటే లోపలి రెండు ట్రాన్సిస్టర్లూ సగం సగం తెరుచుకుని కరెంటు నేరుగా కిందికి పోతుంది. వాడని పిన్నులను అవుట్‌పుట్‌గా మార్చి వదిలేయడం రెండు లైన్ల పని.

మట్టి తేమ సెన్సర్లదీ ఇదే కథ. తక్కువ ధరకు దొరికే కెపాసిటివ్ రకం మీద ఒక టైమర్ చిప్ నడుస్తూ ఉంటుంది, కొన్ని మిల్లీ ఆంపియర్లు పోతాయి. దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచాల్సిన పని లేదు, రీడింగు తీసేటప్పుడు మాత్రమే ఒక చిన్న మాస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్) ద్వారా సరఫరా ఇస్తే సరి. రెండు లోహపు కాళ్లుండే రకానికైతే ఇది మరీ ముఖ్యం. ఎప్పుడూ కరెంటు పారితే విద్యుద్విశ్లేషణ జరిగి ఆ కాళ్లు కొద్దికాలానికే తినేసినట్టవుతాయి.

## ఏ చిప్ ఎందుకు

విజయవాడ, గుంటూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలామందికి తొలి పరిచయం 8051తోనే. ఇంటెల్ దాన్ని 1980లో తెచ్చింది. మైక్రోకంట్రోలర్ లోపలి అమరిక అర్థం కావడానికి ఇప్పటికీ మంచి పాఠమే. బ్యాటరీకి మాత్రం పనికిరాదు. ల్యాబుల్లో వాడే ఏటీ89ఎస్52 డేటాషీట్ ప్రకారం 12 మెగాహెర్ట్జ్ దగ్గర 25 మిల్లీ ఆంపియర్ల దాకా, పూర్తిగా నిద్రలో కూడా 50 మైక్రోల దాకా తీసుకోవచ్చు. పాఠం 8051తో మొదలై ప్రాజెక్టు ఊనోతో ముగిస్తే నిద్ర మోడ్ అనేది ఒకటుందని తెలియకుండానే డిగ్రీ పూర్తవుతుంది. బ్యాటరీ పరికరాల విషయంలో ఇక్కడి పెద్ద లోటు ఇదే అనిపిస్తుంది.

అట్మెల్ కంపెనీ ఏవీఆర్, మైక్రోచిప్ కంపెనీ పిక్ రెండూ 8-బిట్ రకాలు, అంటే ఒకేసారి ఎనిమిది బిట్ల అంకెతో పనిచేసేవి. 2016లో అట్మెల్‌ను మైక్రోచిప్ కొనేయడంతో రెండూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఎనిమిది కాళ్ల ఏటీటైనీ85లో 8 కిలోబైట్ల ప్రోగ్రాం మెమరీ, 512 బైట్ల ర్యామ్ ఉంటాయి. ఒక సెన్సర్, ఒక రిలే ఉన్న పనికి అంతకు మించి అక్కర్లేదు. 16-బిట్ ఎంఎస్‌పీ430 మొదటి నుంచీ మీటర్ల కోసం, బ్యాటరీ పరికరాల కోసం అల్లిన చిప్. 2012లో ఆర్మ్ ప్రకటించిన కార్టెక్స్-ఎం0ప్లస్ అనే 32-బిట్ ప్రాసెసర్ నమూనా వచ్చాక 32-బిట్ అంటే ఎక్కువ కరెంటు అనే అభిప్రాయం తప్పయింది. లెక్కలు ఎక్కువున్న పనిలో 32-బిట్ చిప్ త్వరగా ముగించి త్వరగా పడుకుంటుంది, సగటు తగ్గుతుంది. పది నిమిషాలకొక రీడింగు తీసే లాగర్‌లో ఆ లాభం కనిపించదు, అక్కడ నిద్ర కరెంటే అంతా.

ధర తక్కువంటే కరెంటు తక్కువని కూడా అనుకోకూడదు. పెద్ద సంఖ్యలో కొంటే పది అమెరికన్ సెంట్లకు దొరికే సీహెచ్32వీ003 రిస్క్-వీ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల ప్రాసెసర్ నమూనా) చిప్ 48 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. ఆ ధరకు అది గొప్ప విషయం. కానీ నిద్రలో అది ఎంఎస్‌పీ430తో పోటీ పడదు. ఛార్జర్, బొమ్మ, ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటివాటికి అది చాలు. మన దేశంలోనూ రిస్క్-వీ మీద పని జరుగుతోంది. ఐఐటీ మద్రాస్ శక్తి, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వేగా ప్రాసెసర్లు, వేగా ఆధారంగా వచ్చిన తేజస్32 మైక్రోకంట్రోలర్ ఆ కోవలోవే. 2025 ఆగస్టులో కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు ఆమోదించిన ఏసిప్ టెక్నాలజీస్ యూనిట్‌ను కొందరు చిప్ తయారీ ఫ్యాక్టరీ అనుకుంటున్నారు. అది ప్యాకేజింగ్ యూనిట్. వేరేచోట తయారైన సిలికాన్ ముక్కలకు కాళ్లు, కవచం పెట్టి పరీక్షించడం అక్కడి పని.

## కబురు పంపడమే ఖరీదు

రేడియో చేరగానే మైక్రోకంట్రోలర్ ఖర్చు లెక్కలోకి రాకుండా పోతుంది. మొబైల్ నెట్‌వర్కు మీద మెసేజ్ పంపే జీఎస్ఎం మాడ్యూళ్లలో ప్రసిద్ధమైన సిమ్800 రకం సిగ్నల్ పంపే క్షణాల్లో రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఒక్కోటీ 577 మైక్రోసెకన్ల విస్ఫోటనమే. కానీ ఆ క్షణంలో సెల్ వోల్టేజీ కుంగితే మాడ్యూల్ రీసెట్ అవుతుంది. 'సిమ్ బాగానే ఉంది, మెసేజ్ రాదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం సన్నటి తీగలు, చాలని కెపాసిటర్. ఇంకో చిక్కు, ఈ మాడ్యూల్ 2జీది. జియోకు 2జీ లేదు. ఆ సిమ్ వేస్తే ఎన్ని బ్యాటరీలు మార్చినా ఫలితం ఉండదు.

పొలాలకు, కాలువ గట్లకు తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం పంపే లోరా అనే రేడియో పద్ధతి బాగా నప్పుతుంది. మన దేశంలో 865-868 మెగాహెర్ట్జ్ పట్టీలో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. ఎస్ఎక్స్1276 చిప్ మధ్యరకం శక్తితో పంపేటప్పుడు 29 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. చిన్న సందేశం వేగంగా పంపితే 50 మిల్లీసెకన్లు. గుణిస్తే ఒకటిన్నర కన్నా తక్కువ. వైఫైకి వచ్చిన 400 పక్కన పెట్టి చూస్తే ఎంత తేడానో తెలుస్తుంది. దూరం బాగా పెంచాలంటే సందేశాన్ని సాగదీసి పంపాలి, అప్పుడు సెకను దాకా పట్టి ఖర్చు ఇరవై రెట్లవుతుంది. అయినా వైఫై కన్నా నయం. అయితే లోరా సందేశాన్ని అందుకుని ఇంటర్నెట్‌కు చేర్చే గేట్‌వే ఎవరో ఒకరు దగ్గర్లో పెట్టాలి, దానికి కరెంటు కావాలి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గండ్లు పడి సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు ఈ చివరి మాట విలువ అందరికీ తెలిసింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. మునిగిన చోట కరెంటు ఆపేయక తప్పదు. నీటిమట్టం చెప్పాల్సిన సెన్సర్ మెయిన్స్ (లైను కరెంటు) మీద ఆధారపడితే సరిగ్గా అవసరమైన రోజునే మూగబోతుంది. ఇలాంటి చోట మామూలు రోజుల్లో పావుగంటకొకసారి కొలిచి, మట్టం పెరగడం మొదలవగానే నిమిషానికొకసారి పంపేలా ప్రోగ్రాం రాస్తే ఏడాదంతా దాచిన బ్యాటరీ ఆ నాలుగు రోజుల్లో పనికొస్తుంది. గేట్‌వేకు కూడా సోలార్ ప్యానెల్, బ్యాటరీ ఉండాలి, ఎత్తయిన చోట ఉండాలి.

## మోటారు స్టార్టర్‌కు వేరే లెక్క

వ్యవసాయ మోటారు ఆటో స్టార్టర్‌లో లో పవర్ చిప్ పెట్టామని గొప్పగా చెప్పుకుంటే దానివల్ల రైతుకు వచ్చేదేమీ లేదు. అక్కడ మూడు ఫేజుల కరెంటు ఉంది. చిప్ తీసుకునే మిల్లీ ఆంపియర్ మోటారు ముందు లెక్కే కాదు. అక్కడ కావాల్సింది గట్టితనం. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చు) విడిచిన ప్రతిసారీ కాయిల్ నుంచి వోల్టేజీ ఎగదన్నుతుంది, చిప్ తిక్కగా ప్రవర్తిస్తుంది. ప్రోగ్రాం ఎక్కడైనా ఇరుక్కుంటే తిరిగి మొదలుపెట్టే వాచ్‌డాగ్ టైమర్, వోల్టేజీ కుంగినప్పుడు చిప్‌ను ఆపే బ్రౌన్-అవుట్ రక్షణ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. బ్యాటరీ పరికరాల్లో ఏటీమెగా328పీ వాచ్‌డాగ్‌కు ఖర్చయ్యే నాలుగు మైక్రోలనూ, బ్రౌన్-అవుట్ తినే ఇరవై మైక్రోలనూ ఆదా చేయడానికి వాటిని ఆపుతుంటారు. ఆ కోడ్‌నే తెచ్చి స్టార్టర్‌లో వాడటం పెద్ద పొరపాటు. ఒక ఫేజు పోయినా మోటారు నడిచేస్తే కాలిపోయేది వైండింగ్.

కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది స్టార్టర్లన్నీ ఒకే క్షణంలో మోటార్లు ఆన్ చేస్తే వోల్టేజీ పడిపోతుంది. ఒక్కోటి కొన్ని సెకన్లు, నిమిషాలు తేడాగా ఆగి మొదలయ్యేలా ప్రోగ్రాంలో పెట్టడానికి అదనపు భాగం ఏదీ కొనక్కర్లేదు. ప్రతి స్టార్టర్‌లోనూ ఇది ఉండాలి.

మెయిన్స్ ఉన్నా తక్కువ కరెంటు కావాల్సిన చోటు ఒకటుంది. రిమోట్ ఫ్యాన్ రెగ్యులేటర్ల లాంటి చవక బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఒక కెపాసిటర్‌తోనే 230 వోల్టులను దించుతారు. 0.22 మైక్రోఫారడ్ కెపాసిటర్, బ్రిడ్జి పెడితే దొరికేది 15 మిల్లీ ఆంపియర్లే. చిప్, రిసీవర్, దీపం అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఈ బోర్డుల్లో ప్రతి భాగమూ లైన్ వోల్టేజీతోనే కలిసి ఉంటుంది. ప్లగ్గులో ఉండగా లోపలి ఏ తీగనూ ముట్టుకోకూడదు.

## రోహిణి కార్తె ఎండ, కోల్డ్ స్టోరేజీ చెమ్మ

డేటాషీట్ మొదటి పేజీలోని నిద్ర కరెంటు 25 డిగ్రీల దగ్గరిది. లీకేజీ ఉష్ణోగ్రతతో వేగంగా పెరుగుతుంది. మే నెలలో విజయవాడలో 45 డిగ్రీలు దాటిన రోజున ఎండలో ఉన్న మూసిన ప్లాస్టిక్ పెట్టె లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది. అక్కడ చిప్ నిద్ర ఖర్చు కొన్ని రెట్లు పెరుగుతుంది, సెల్ కూడా ఊరికే ఉన్నా త్వరగా అరిగిపోతుంది. తెల్లరంగు పెట్టె, నీడ, గాలి ఆడే సందు, ఇవి చిప్ మార్చడం కన్నా చవక.

కోల్డ్ స్టోరేజీలో చిక్కు ఇంకో రకం. తలుపు తెరిచినప్పుడు బయటి ఉక్కగాలి చల్లటి బోర్డు మీద చెమ్మగా పడుతుంది. ఆ చెమ్మ, మిర్చి దుమ్ము కలిసి రెండు తీగల మధ్య పది లక్షల ఓమ్‌ల దారి ఏర్పరిస్తే 3 వోల్టుల దగ్గర మూడు మైక్రో ఆంపియర్లు కారతాయి. లాగర్ మొత్తం ఖర్చు కన్నా అదే ఎక్కువ. బోర్డుకు వార్నిష్ లాంటి రక్షణ పూత వేయడం అందుకే. చలిలో గడియారపు క్రిస్టల్ కూడా కొంచెం నెమ్మదిస్తుంది. 25 డిగ్రీల నుంచి అటు వెళ్లినా ఇటు వెళ్లినా అది వెనకబడుతుంది. 5 డిగ్రీల దగ్గర రోజుకు ఒక సెకనుకు కాస్త ఎక్కువ. ఏడు నెలలకు నాలుగు నిమిషాలు.

## కొలవడంలో మోసం

ఇంత చిన్న కరెంటు కొలిచేటప్పుడు మామూలు మల్టీమీటర్ అబద్ధం చెప్తుంది. చవక మీటర్లలో 200 మైక్రో ఆంపియర్ల రేంజ్‌లో లోపల ఒక కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. చిప్ నిద్రలో ఉండగా ఇబ్బంది లేదు. లేచి రెండున్నర మిల్లీ ఆంపియర్లు అడగ్గానే ఆ రెసిస్టర్ మీదే రెండున్నర వోల్టులు పోయి చిప్‌కు అర వోల్టు మిగులుతుంది. అది రీసెట్ అవుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. 'మీటరు పెడితే బోర్డు పనిచేయట్లేదు' అని చిప్‌ను మార్చేస్తుంటారు. మీటరు రెండు కొనల మధ్య ఒక చిన్న వైరు కలిపి ఉంచి, బోర్డు నిద్రపోయాక దాన్ని తీసి చదివితే నిద్ర కరెంటు సరిగ్గా వస్తుంది. మెలకువ ఖర్చుకు పది ఓమ్‌ల రెసిస్టర్, ఆసిలోస్కోప్ (వోల్టేజీ క్షణక్షణం మారే తీరును గీసి చూపే పరికరం) కావాలి. పది మిల్లీసెకన్ల పనిని సెకనుకు రెండు మూడుసార్లు అంకె మార్చే మీటరు పట్టుకోలేదు.

## 'ఐదేళ్లు' అనే మాటను ఎలా చదవాలి

ఐదేళ్లంటే 43,800 గంటలు. రెండు వేల మిల్లీ ఆంపియర్-అవర్ల సెల్‌ను అంతకాలం సాగదీయాలంటే సగటు 45 మైక్రో ఆంపియర్లు దాటకూడదు. సెల్ తనంతట తాను పోగొట్టుకునేదీ, నిద్ర ఖర్చూ కలిపి పది తీసేస్తే కబుర్లకు మిగిలేది 35. గంటకు లెక్కవేస్తే 126 మిల్లీ ఆంపియర్-సెకన్లు. పైన చూసిన వైఫైకి ఒక్కో సందేశానికి 400 కావాలి కాబట్టి మూడు గంటలకు పైగా ఆగి ఒకసారి పంపగలదు. వేగంగా పంపే లోరా అయితే గంటకు ఎనభైసార్లు పంపినా సరిపోతుంది. నిమిషానికొకసారి వైఫైలో రీడింగు పంపుతూ రెండు పెన్సిల్ సెల్స్‌తో ఐదేళ్లు అని ఎవరైనా చెప్తే, ఆ ఐదేళ్లు ఏ వ్యవధికి, ఏ ఉష్ణోగ్రతకు లెక్కవేశారో అడగాలి. జవాబు సాధారణంగా రోజుకు ఒకటో రెండో రీడింగులు, 25 డిగ్రీల గది అని వస్తుంది.